తొక్కతో సహా

"ఎవరు పంపారు నిన్ను?" కయెతానా చేతిలో కత్తి దించకుండానే అడిగింది.

చెట్టు కింద చతికిలబడిన ముసలామె తలెత్తలేదు. రాలిపడ్డ నాటు అవకాడోని పావడాకి తుడిచి, నల్లటి పలచని తొక్కతో సహా కొరికి కళ్ళు మూసుకుంది.

"ఆకలి పంపింది," అంది నములుతూ.

కయెతానాకి ఒళ్ళు మండింది.

మిచోవకాన్ కొండల్లో ఆ ఊరి చుట్టూ ఎటు చూసినా హాస్ రకం అవకాడో తోటలే. నాటు చెట్టు మిగిలింది ఇదొక్కటే, ఆమె పెరట్లో. పురుగు దీన్నుంచే వస్తోందనీ, ఇది ఉన్నంతకాలం కొనే దేశం వాళ్ళు తమ పండుని సరిహద్దు దాటనివ్వరనీ తోటల సంఘం ఒకటే గోల. శనివారం రంపంతో వస్తామని కబురు కూడా పెట్టారు. తాత నాటిన చెట్టు, ముందు నన్ను నరికి ఆ తర్వాత దాన్ని నరుక్కోండని సభలోనే చెప్పేసి వచ్చింది కయెతానా.

ఇలాంటప్పుడు ఎవరో కొత్త మనిషి వచ్చి చెట్టు కింద కూర్చుంటే, సంఘం పంపిన మనిషి కాక ఇంకెవరు?

గేటు దాకా తరిమింది.

మర్నాడు ముసలామె మళ్ళీ వచ్చింది. ఈసారి సంచిలో పళ్ళు తెచ్చుకుంది. సముద్రతీరంలో పండేది ఒకటి, గ్వాటెమాలా వైపు నుంచి వచ్చిన మందతోలు రకం ఒకటి, ఊరందరి హాస్ ఒకటి. మూడూ కోసి నాటుపండు పక్కన పెట్టి రుచి చూసింది. తీరపుది నీళ్ళనీళ్ళగా ఉందట, వేడి నేల పిల్ల, ఈ కొండ మీద ఒక్క చలికాలం కూడా ఆగదట. మందతోలుదానికి రుచి ఉంది గానీ గట్టిగా మంచు పడితే కొమ్మలు నల్లబడతాయట. హాస్ ముక్కని మాత్రం చాలాసేపు చప్పరించింది.

"మంచిదే. ఎంత దూరమైనా చెడకుండా పోతుంది," అంది. "కానీ దీని ఆకు నలిపి చూడు, వాసనే ఉండదు."

నాటు చెట్టు ఆకు తుంచి నలిపింది. సోంపు వాసన గుప్పుమంది.

"నాకే చెబుతున్నావా? ఈ ఆకు పడందే మా ఇంట్లో చిక్కుడుగింజలు పొయ్యి దిగవు," అంది కయెతానా. అనేసి, కోపమంతా అసలు మనిషి మీదికి మళ్ళించింది. "ఇదంతా ఆ దోమితిలా చేసిన పాపం. ఈ కొండ మీదికి మొదటి హాస్ అంటు మోసుకొచ్చింది ఆవిడే. ఊరంతా ఆవిడ పేరు చెప్పి ఒట్లు వేస్తారు. నాకు కనబడితే మొహాన ఉమ్మేద్దును."

ముసలామె పగలబడి నవ్వింది.

"ఎప్పుడైనా చూశావా ఆవిణ్ణి?"

"ఎక్కడ చూస్తాను? నేను పుట్టకముందే పట్నం చేరింది."

"తెచ్చిన రోజున కడుపుకి తిండి లేదేమో దానికి."

"లేకపోతే? కొండ మీది చెట్లన్నీ కొట్టించాలా?"

ముసలామె నలిపిన ఆకుని శాలువా అంచున ముడి వేసుకుంది. అది చూసి ఎందుకో కయెతానా మనసు కరిగింది. సణుగుతూనే లోపలికి వెళ్ళి, ఒక గిన్నెడు చిక్కుడుగింజలు, వేడి మొక్కజొన్న రొట్టెలు తెచ్చి పెట్టింది. ఆ తర్వాత ముసలామె రోజూ వచ్చింది. కయెతానా రోజూ తిట్టింది, రోజూ పెట్టింది.

శనివారం బండి రానే వచ్చింది. ముందు సంఘం మేస్త్రీ ఫిదెన్సియో, వెనక రంపం పట్టుకుని ఇద్దరు. కయెతానా మానుకి వీపు ఆనించి కత్తి ఎత్తింది. ముసలామె ఆమె కాళ్ళ దగ్గర, చెట్టు వేర్ల మధ్య కూర్చుని పండు తింటోంది.

ఫిదెన్సియో దగ్గరికొచ్చి ఆగిపోయాడు. టోపీ తీశాడు. ముసలామె వేలితో పిలిచి అతని చెవిలో ఏదో చెప్పింది.

"రంపం బండిలో పెట్టండి," అన్నాడతను తన వాళ్ళతో.

బండి మలుపు తిరిగాక కయెతానా గొంతు పెంచింది.

"చూశావా ముసలమ్మా? నా కత్తి చూసి తోక ముడిచారు."

"మరే. నేనైనా పారిపోదును," అంది ముసలామె.

వెళ్తూ గుప్పెడు ఆకులు అడిగింది. కయెతానా ఒడి నిండా కోసిచ్చింది.

ఆ తర్వాత ఆమె రాలేదు. కయెతానా నాలుగు రోజులు చిక్కుడుగింజలు ఎక్కువే ఉడికించి, గేటు వైపు చూసి చూసి విసుక్కుంది.

ఆదివారం చర్చి గంటలు మోగాయి. సొంత ఊళ్ళో పోవాలని ఈమధ్యే పట్నం నుంచి వచ్చిన దోమితిలా పోయిందన్నారు. ఊరంతా నల్లబట్టలు కట్టి పూలతో బయల్దేరింది. కయెతానా ఎర్ర శాలువా కప్పుకుని ఉత్త చేతులతో వెళ్ళింది.

దోమితిలా ఇంటి గుమ్మంలో ఫిదెన్సియో ఉన్నాడు.

"ఏడవడానికి రాలేదు. ఆవిడతో ఒక మాట అనేసి పోతాను," అంది.

"అనమ్మా. వింటే సంతోషిస్తుంది," అన్నాడతను మెల్లగా. "నీ చెట్టు జోలికి ఎవరూ రారు. ఆ రోజు నా చేత, తర్వాత సంఘం మొత్తం చేత ఒట్టు వేయించుకునే పోయింది."

"ఎవరు?"

అతను గడ్డంతో లోపలున్న శవపేటికని చూపించాడు.

ఇన్నేళ్ళుగా దాచుకున్న తిట్టుని నోటి దాకా తెచ్చుకుని, కయెతానా పేటిక మూతకున్న అద్దం మీదికి వంగింది.

లోపల, మెడ చుట్టూ సోంపు వాసన ఆకులు పరుచుకుని, తన చెట్టు కింద తొక్కతో సహా పండు తిన్న ముసలామె నిద్రపోతోంది.