బేల పిట్ల

పొద్దున బాలలక్ష్మికి పెట్టిన అన్నం పదకొండు గంటలకు కూడా పెట్టినట్టే ఉంది. ఒక్క మెతుకు కదలలేదు.

రామచంద్రం డాబా దిగి వచ్చి వంటింటి గడప మీద కూర్చున్నాడు. కరీంనగర్‌లో ఆ ఇల్లు కట్టినప్పటి నుంచి అతను అక్కడ కూర్చోవడం కూతురు మమతారాణి చూడలేదు.

"ముట్టిందా బాపు?"

"ముట్టలే."

"మటన్ గూడ?"

"మటన్ ముట్టలే. బోటి ముట్టలే. పచ్చిపులుసు పోసిన, అదీ ముట్టలే."

"అలిగింది," అన్నది మమత.

బాలలక్ష్మి తమ్ముడు అంబదాస్ గోడకు ఆనుకొని ఉన్నాడు. ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర సరిహద్దున పెన్‌గంగ దగ్గరి బేల నుంచి వచ్చాడు.

"అలుగక ఏం చేస్తది?" అన్నాడు. "మటన్ ఎవలకిష్టం? నీకు. బోటి ఎవలకిష్టం? నీకు. పచ్చిపులుసు లేకుంటె ముద్ద దిగనిది ఎవలకు బావా?"

రామచంద్రం తల ఎత్తలేదు.

"మా అక్కకేమిష్టమో గది పెట్టు. ముడతది."

"ఆమెకు..." రామచంద్రం కూతురి వైపు చూశాడు. మమత చేతిలో ఉన్న ఫోన్ వైపు చూసుకుంది. "ఆమె ఏదైన తింటది. గిది కావాలె అని ఎన్నడు అడుగలే."

"అడిగితె పెట్టెటోనివేనా?"

"మామా, జర ఊకో. బాపు పొద్దటి సంది పరేషాన్ల ఉన్నడు, ఛాయ గూడ తాగలే. అవ్వ ముట్టినంకనే అంటుండు."

"అబ్బో! ఎన్నడన్న ఆమె తిన్నంక తిన్నడా మీ బాపు? ఇయ్యాల మొదలువెట్టిండు."

"నీకెరుకుంటె చెప్పరాదు మామా, ఏం వండాల్నో."

అంబదాస్ గోడ వదిలి ముందుకు వచ్చాడు.

"పిట్ల," అన్నాడు.

రామచంద్రం ఆ మాట ఎప్పుడూ వినలేదు.

"జొన్నరొట్టె, పిట్ల. మా అవ్వ చేస్తే గంజు ఊడ్చి తినేది అక్క. మీ ఇంటికొచ్చినంక ఒక్కసారి గూడ చేసుకోలే. ఏందే అంటె, మీ బావకు శనగపిండి వాసన పడదు తమ్మీ అన్నది."

"ఎట్ల చేస్తరు?"

"నాకు తినుడెరుక. వండుడు ఎరుకలేదు."

మమత ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని అడిగింది. "పిట్ల ఎట్ల చేయాలె?" ఫోన్ కౌజు పిట్టల వేపుడు చూపించింది.

"పిట్టలు కాదు బిడ్డా, పిట్ల! మరాఠోళ్ల వంట. శనగపిండితోని."

ఈసారి మమత చేత్తో రాసి వెతికింది. వరుసగా వీడియోలు వచ్చాయి. మొదటి దాంట్లో ఒకామె పిండిలో మీగడ కలిపింది. "నూటికి నూరుపాళ్లు అసలైన పిట్ల" అని రాసి ఉన్న రెండో దాంట్లో టమాటా సాస్ పోశారు.

"థూ," అన్నాడు అంబదాస్. "తీసెయ్."

"లక్షల మంది చూసిండ్రు గదా," అన్నాడు రామచంద్రం.

"చూసిండ్రు బావా. తిన్నోడు ఎవడు?"

మమత వేలితో పైకి తోస్తూ పోయింది. అడుగున ఒక వీడియో ఉంది. పాట లేదు, మనిషి ముఖం లేదు. గాజుల చేతులు, పొయ్యి, మూకుడు. చూసినవాళ్లు తక్కువ. ఆమె మరాఠీలో మాట్లాడుతోంది.

"ఆగు," అన్నాడు అంబదాస్. "జర ఇననియ్యుండ్రి." ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "పిండిని చన్నీళ్లల కలుపుమంటుంది. ఉండలు ఉండద్దు. ఎల్లిపాయను కోయద్దంట, దంచాలంట... మా అవ్వ దంచేది. గిదే. గీమెను నమ్మొచ్చు."

"నేను చేస్త," అని మమత లేచింది.

"నువ్వు రొట్టె చెయ్. గిది నేను వండుత."

"నీకు పొయ్యి ముట్టియ్య రాదు బాపు."

"చూపియ్యి."

మమత చూపించింది. అంబదాస్ ఒక్కో మాట తెలుగు చేసి చెప్పాడు. రామచంద్రం నూనె పోశాడు. ఆవాలు మాడాయి. పిండి గబుక్కున పోశాడు. ఉండలు కట్టింది.

"గోళీలాడుకోవచ్చు దీంతోని," అన్నాడు అంబదాస్. ఎవరూ నవ్వలేదు. అంబదాస్ కళ్లు తుడుచుకుని, ఉల్లిగడ్డ ఘాటు అన్నాడు.

రామచంద్రం మూకుడు కడిగి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి సన్నగా పోశాడు, కలుపుతూ పోశాడు. శనగపిండి వాసన ఇల్లంతా నిండింది. అతను ముఖం తిప్పుకోలేదు. మూత పెట్టి, వీడియోలో ఆమె ఆగమన్నంతసేపు ఆగాడు. గంటెతో కొంచెం తీసి నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

అంబదాస్ చెయ్యి పట్టుకున్నాడు. "ఆమె ముట్టకముందే నువ్వెట్ల ముడతవు?"

"ఉప్పు ఎట్ల తెలుస్తది?"

"అక్కకెట్ల తెలిసేది? అందాజ."

రామచంద్రం గంటె దించాడు.

రొట్టె మీద పిట్ల వేసుకుని తనే డాబా ఎక్కాడు. పొద్దున పెట్టినవన్నీ పక్కకు తీశాడు. దీన్ని అక్కడ పెట్టి, నీళ్ల చెంబు పెట్టి, నిలబడ్డాడు.

"ఇవతలికి రా బావా. మనుషులుంటె రాదు."

ముగ్గురూ మెట్ల తలుపు వెనుక నిలబడ్డారు. ఎండ ఎక్కింది. రొట్టె అంచులు ఎండిపోతున్నాయి.

"బాలలక్ష్మీ," అన్నాడు రామచంద్రం. తండ్రి నోట తల్లి పేరు మమత వినడం అదే మొదలు. "నాకు తెల్వలేదే. జర తిను."

మమత తండ్రి మోచెయ్యి పట్టుకుంది. చాలాసేపు అట్లాగే నిలబడ్డారు.

కాకి ముట్టింది.