లోపలి గడియ

కూతురు పోయిన రోజు టీచరమ్మ ఆరో తరగతికి భిన్నాలు చెబుతోంది. మంగళవారం, పదకొండున్నర. ఫోన్ మోగితే బోర్డు మీద లెక్క ముగించి మరీ తీసింది. ఆ లెక్కకు పట్టిన రెండు నిమిషాలకు ఆవిడ ఇప్పటికీ తనను తాను క్షమించుకోలేదు.

నాలుగు నెలలు గడిచాయి. కాలేజీల భద్రతా చట్టానికి సవరణలు తెస్తున్నాం, ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు అని శాసనసభ కమిటీ ప్రకటించింది. ఆవిడ స్కూలుకు సెలవు పెట్టి, బస్సెక్కి వచ్చింది.

కమిటీ హాలు గుమ్మం దగ్గర గార్డు అందరి సంచులూ తిరగేస్తున్నాడు. ఆవిడ సంచి జోలికి మాత్రం రాలేదు.

"నాది చూడవేం?"

"మీది అక్కర్లేదు మేడమ్," అంటూ తల దించుకున్నాడు.

"బాగుందయ్యా మీ భద్రత!"

లోపల పొడుగాటి బల్ల వెనక ఏడుగురు కూర్చున్నారు. నడిమి కుర్చీలో శాసనసభ్యుడు. ఏడాది కిందట ఆ చట్టం తెచ్చింది ఆయనే. కార్డు ఆనిస్తేనే కాలేజీలో ఏ తలుపైనా తెరుచుకుంటుంది. బయటివాడెవడైనా జొరబడితే గార్డు ఎర్ర బటన్ నొక్కాలి. తలుపులన్నీ బిగుసుకుంటాయి, లోపలి నుంచి కూడా తెరుచుకోవు. నిప్పంటుకుంటే పచ్చ బటన్. తలుపులన్నీ తెరుచుకుంటాయి. ఆ మంగళవారం ల్యాబ్‌లో పొగ లేచింది. కాలేజీ గార్డు ఉరుకుల మీద వెళ్ళి ఎర్ర బటన్ నొక్కాడు.

మాట్లాడేవారికి తలా మూడు నిమిషాలు. మూడు కాగానే గుమాస్తా గంట కొడతాడు. లెక్చరర్ల సంఘం నాయకుడిని వాక్యం మధ్యలోనే కూర్చోబెట్టాడు. తర్వాత టీచరమ్మ లేచింది.

"గార్డులను రెట్టింపు చేస్తామని రాశారు. కెమెరాలు పెంచుతామని రాశారు. సంతోషం. నేనడిగేది ఒక్క వాక్యం. ప్రతి గదికీ లోపలి నుంచి చేత్తో తీసుకునే గడియ ఉండాలి. కార్డుతో, కరెంటుతో, బటన్‌తో పని లేని గడియ. అది ఈ సవరణలో రాయండి."

చివర కూర్చున్న పెద్దాయన మెత్తగా అన్నాడు. "అమ్మా, నీ బాధ మాకు తెలుసు."

"బాధ చెప్పుకోవడానికి రాలేదండీ. గడియ కోసం వచ్చాను."

శాసనసభ్యుడు కాగితాల్లోంచి తలెత్తలేదు. "చట్టంలో లోపం లేదు. గార్డు తప్పు బటన్ నొక్కాడు."

"ఏడాది పాటు ప్రతి శనివారం డ్రిల్లు పెట్టి, ఆ ఎర్రదాన్నే నొక్కించారు. పచ్చదాన్ని ఒక్కనాడూ ముట్టుకోనివ్వలేదు. పిల్లలతో ఏడాదంతా రెండో ఎక్కం ఒక్కటే వల్లె వేయించి, పరీక్షలో ఏడో ఎక్కం అడిగితే ఏం రాస్తారండీ?"

వెనక వరుసలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"లోపల గడియ పెడితే లోపలివాడే బయటివాడికి తలుపు తీస్తాడు," అన్నాడు శాసనసభ్యుడు. "ఇప్పుడు కార్డు లేకుండా చీమ కూడా దూరదు."

"చీమ సంగతి నాకు తెలియదు. పిల్ల బయటికి రాలేదు."

మూడు నిమిషాలు ఎప్పుడో దాటాయి. గుమాస్తా గంట మీద చేయి పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"మీ హాజరు యంత్రానికి ఆ సంగతి ఇంకా తెలియదు. రోజూ పదింటికి నాకు మెసేజ్ పంపుతోంది. మీ అమ్మాయి ఈరోజు కాలేజీకి రాలేదు, కారణం తెలపండి, అని. తెలపమంటారా?"

"ఈ మాటలు నాలుగు నెలలుగా వింటూనే ఉన్నాను."

"విన్నట్టు ఒక్కరోజూ కనపడలేదు."

ఆయన మొహం కందింది. "ఈ చట్టం వచ్చిన రోజున మెచ్చుకున్నవాళ్ళలో మీరూ ఉన్నారు, టీచర్ గారూ."

"ఉన్నాను. నా వంతు నేను మోస్తున్నాను. మీరు మీ వంతు తీసుకెళ్ళి ఆ గార్డు నెత్తిన పెట్టారు."

మిగతా ఆరుగురూ ఎదుట ఉన్న కాగితాలు శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు. అవి తలకిందులుగా ఉన్నా చదివేలా ఉన్నారు.

"పరిశీలిస్తాం," అన్నాడు శాసనసభ్యుడు.

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆవిడ ఈ మాట చాలామంది అధికారుల నోట విన్నది. బీరువాలో పడేస్తాం అని దాని అర్థం.

"అయితే దీన్ని కూడా పరిశీలించండి."

సంచిలోంచి ఒక కాగితం తీసి, వెళ్ళి ఆయన ముందు పెట్టింది. కాలేజీవాళ్ళు పంపిన దరఖాస్తు అది. దాన్ని నింపి ఇస్తే హాజరు పట్టీలోంచి పేరు తీసేస్తారు. మెసేజ్‌లు ఆగుతాయి. ఆవిడ నింపవలసినదంతా అప్పటికే నింపింది, గుండ్రటి అక్షరాలతో.

ఆయన చేతిలో పెన్ను ఉంది. కాగితాన్ని చూశాడు. తర్వాత దాన్ని బోర్లించి, "తర్వాతి వారు," అన్నాడు.

ఆవిడ బస్సుకు వెళ్ళిపోయింది.

సవరణలో గడియ మాట ఇంకా చేరలేదు. ఆ దరఖాస్తు మీద తల్లి సంతకం పక్కనున్న ఖాళీలో, పిల్ల తండ్రిగా శాసనసభ్యుడు ఇంకా సంతకం చేయలేదు.