గొంతు మార్పిడి

ప్రసూతి వార్డుకు ఇవ్వాల్సిన ఫోను శవాల గదికి కలిపాడు ఆపరేటరు.

అవతలి మనిషి ఆత్రంగా "ఆడపిల్లా, మగపిల్లాడా?" అని అడిగాడు. శవాల గది కాపలాదారు ఏం చెప్పాలో తోచక "కాసేపాగి చెయ్యండి" అన్నాడు.

ఆసుపత్రంతా రెండు రోజులు నవ్వుకుంది.

ఆపరేటరు నవ్వలేదు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో అది అతని మొదటి పొరపాటు.

అతనికి పుట్టుకతోనే చూపు లేదు. ఫోను తెరమీద ఉన్నదంతా ఒక ఆడగొంతు చదివి వినిపిస్తుంది. అది విని వేలితో నొక్కుతాడు. అయితే ఈమధ్య ఆసుపత్రివాళ్ళు పాత ఎక్స్‌ఛేంజి పీకేసి, కాల్స్ అన్నీ ఒక యాప్‌లోకి మార్చారు. ఆ యాప్ అతని ఫోనులో నోరు విప్పదు, అందాజుగా నొక్కాల్సి వచ్చింది. ఇంకో రకం ఫోనులో శుభ్రంగా పలుకుతుంది.

సూపరింటెండెంటు ఆ రకం ఫోనొకటి వారం రోజుల వాడకానికి ఇప్పించాడు. సోమవారంలోగా తేల్చుకోమన్నాడు. కుదరదంటే దుప్పట్లు మడతపెట్టే గదికి బదిలీ.

అరువు ఫోనులో చదివేది మగగొంతు. మాట స్పష్టమే. తప్పుల్లేవు. అయినా చెవి దాకా వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోతోంది.

ఎందుకు?

అదే అతనికి అంతుపట్టలేదు. శనివారం సెలవు పెట్టి ఫోన్ల దుకాణానికి వెళ్ళాడు.

టోకెను ఇచ్చి కూర్చోమన్నారు. పక్క కుర్చీలో ఎవరో సర్దుకుని చోటిచ్చారు.

"రెండు చేతుల్లో రెండు ఫోన్లు పెట్టుకుని బరువు తూస్తున్నారేమిటండీ?"

ఆడమనిషి. యాభై దాటి ఉంటాయి. పగిలిన అద్దం మార్పించుకోవడానికి వచ్చానని తనే చెప్పింది.

అతను ఉన్న సంగతంతా చెప్పేశాడు. శవాల గది దగ్గరికి వచ్చేసరికి ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వినందుకు ఏమీ అనుకోవద్దంది.

"ఏదీ, ఆ ఆడగొంతు ఒకసారి వినిపించండి."

వినిపించాడు. గిలక్కాయ ఊపినట్టు చప్పుడైంది.

"ఇది మాటేనా?"

"మాటేనండీ. మూడు రెట్ల వేగం. మావాళ్ళలో చాలామంది ఇలాగే వింటారు. నెమ్మదిగా వింటూ కూర్చుంటే మాకు పని తెమలదు."

"మరి మామూలుగా ఎలా ఉంటుంది?"

"నేనూ వినలేదు. ఎనిమిదేళ్ళ కిందట, కొన్ననాడే మావాడొకడు వేగం పెంచి చేతిలో పెట్టాడు."

ఆమె కుర్చీ ఇటు జరిగిన చప్పుడైంది. తర్వాత ఒకటొకటిగా అడగడం మొదలుపెట్టింది. తప్పులు చదువుతుందా? విసుగు పుట్టిస్తుందా? ఎక్కడైనా తడబడుతుందా? డాక్టరు రోగిని అడిగినట్టు అడుగుతోంది. అతనికి సరదా వేసింది. ఇంతవరకూ ఎవరూ ఆ గొంతు గురించి అడగలేదు. అంకెల ముందు చిన్న ఊపిరి మింగుతుందని చెప్పాడు. 'ఆదివారం' అనేటప్పుడు మాత్రం ఎక్కడో కాస్త సంతోషం తగులుతుందని చెప్పాడు.

"మా అక్క పోయిన కబురూ తనే చదివింది. అదే వేగంతో."

"అయ్యో" అందామె.

ఆ అయ్యో ఎవరి కోసమో అతనికి తెలియలేదు.

అలా చెబుతూ చెబుతూ ఉండగా, ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగిన సంగతి దానంతటదే నోట్లోకి వచ్చింది.

"నాలో నేను అనుకునే మాటలు కూడా ఆ గొంతుతోనే అనుకుంటానండీ. దాన్ని ఇచ్చేస్తే ఇక లోపల ఎవరు మాట్లాడతారు?"



"మీరే మాట్లాడండి" అంది ఆమె. "ఇన్నాళ్ళూ ఎవరో చదివి పెట్టారు, చాలదూ? ఉద్యోగం వదులుకునేంత గొంతేం కాదులెండి అది."

అంతమాట అనేసరికి అతనికి కొంచెం ఉక్రోషం వచ్చింది. కానీ ఆమె చెప్పింది నిజమే. ఉక్రోషాన్ని మింగి, మాట మార్చాడు.

"మీరు టీచరా?"

"కాదు."

"నర్సు?"

"అదీ కాదు. పోల్చుకోలేరు."

"పోల్చుకోలేకపోవడమేమిటండీ. ఆసుపత్రిలో నన్ను రికార్డరు అంటారు. ఒక్కసారి విన్న గొంతు చచ్చినా మరిచిపోను. మిమ్మల్ని ఇంతకుముందెప్పుడూ వినలేదు, అంతే."

"అలాగా" అంది ఆమె.

అంతలో ఆమె నంబరు పిలిచారు. అద్దం మార్చిన ఫోను తీసుకుని, మళ్ళీ అతని దగ్గరికి వచ్చి, పాత ఫోను పట్టుకున్న చేతిమీద తన చెయ్యి వేసింది.

"ఆదివారం సంగతి భలే పట్టారు" అని వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. అడుగుల చప్పుడు వీధి రొదలో కలిసిపోయింది.

అతని వంతు వచ్చింది.

"మార్చెయ్యండి" అన్నాడు.

ఆ మాట లోపల ఎవరి గొంతుతో వినిపించిందో వెతుక్కున్నాడు. తెలియలేదు.

పాత ఫోనును దుకాణంవాళ్ళు తీసుకుంటారు. కౌంటరు దగ్గరి అమ్మాయి నంబర్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించింది. పాతదాన్ని తుడిచిపెట్టింది. పేర్లు, కబుర్లు, చదివే వేగం, అమరికలు, అన్నీ. కొన్ననాటిలా చేసేశానని, ఒకసారి చూసుకోమని చేతికిచ్చింది.

అలవాటుకొద్దీ, చదివే గొంతును లేపే పక్క బటన్ మూడుసార్లు నొక్కాడు.

తొందరేమీ లేకుండా, ఒక్కొక్క మాటా విడివిడిగా, ఇందాక పక్క కుర్చీలోంచి లేచి వెళ్ళిన ఆవిడ "స్వాగతం. మీ భాషను ఎంచుకోండి" అంది.