రసానికి రెండు ముళ్లు

ఆలస్యంగా అక్షరాలు దిద్దిన చెయ్యి ఇది. ఒత్తులు తప్పితే మన్నించండి. ఇంత చిన్న కథకు పదకొండు రోజులు పట్టింది. రాశాక మొదట చదివిపెట్టిన ఆయన మూడు తప్పులు దిద్ది, కొత్తగా రెండు పెట్టారు. ఆ రెండింటికీ నా పూచీ లేదు.

"సోమవారం నుంచి ప్రతి పొట్లం మీదా కూర పేరు ఉండాలండీ," అన్నాడు రవికాంత్, అట్టపెట్టె బల్ల మీద పెడుతూ. చిన్న వ్యాపారుల సంఘం తరఫున కొట్టు కొట్టూ తిరిగి కొత్త పద్ధతులు నేర్పడం అతని ఉద్యోగం. "ఈ మిషన్లో పేరు టైపు చేస్తే స్టిక్కరు వస్తుంది. సాంబారనుకుని రసం పట్టుకుపోయే గొడవ ఉండదు."

అమీర్‌పేటలో ఆ కర్రీ పాయింట్ చలపతిరావుగారిది. ఆయన కళ్లజోడు సవరించుకుని, చేతిలో పేపరు మడిచారు.

"మా వజ్రమ్మ చూసుకుంటుందిలెండి. ఏడో తరగతి చదివింది."

పొట్లాలు కడుతున్న వజ్రమ్మ చేతిలో దారం తెగింది. తొమ్మిదేళ్ల కిందట, మొగుడు పోయిన కొత్తలో, పనికోసం చెప్పిన అబద్ధం అది. మూడో తరగతి అన్నా సరిపోయేది. ఎలాగూ అబద్ధమే కదా, తక్కువెందుకని ఏడు చెప్పింది. నిజానికి ఆమె బోరబండ బస్సు కూడా పక్కవాళ్లను అడిగే ఎక్కుతుంది. ఈ పని పోతే ఇంటద్దెకు దారి లేదు.

సోమవారం పొద్దున్నే దర్జీ కొట్లో రంగు దారాలు కొనుక్కొచ్చింది. పప్పుకు పసుపు, గోంగూరకు పచ్చ, సాంబారుకు ఎరుపు కట్టింది. రసం దగ్గరికి వచ్చేసరికి రంగులు అయిపోయాయి. దానికీ ఎరుపే కట్టి రెండు ముళ్లేసింది.

"ఇదేంటి వజ్రమ్మా?" అన్నారు చలపతిరావుగారు.

"వేడి పొట్లానికి స్టిక్కరు నిలువది సారూ. ఆవిరికి ఊడుతది. దారమైతే ఫికర్ లేదు."

ఆయన వెంటనే మిషన్ను పెట్టెతో సహా అటకెక్కించేశారు. కరెంటు ఖర్చు తప్పిందని సంబరం కాబోలు అనుకుంది వజ్రమ్మ. ఆయన పిసినారితనం తనకు తెలియనిదా? కంద పులుసు వండడం మానేసి నాలుగేళ్లయినా అది బోర్డు మీద అలాగే ఉంది, పెయింటర్‌ని పిలవరు. ఆర్డర్లు వాయిస్ మెసేజే పెట్టమంటారు, టైపు చేస్తే వేళ్లు అరుగుతాయన్నట్టు. రోజూ పేపరంతా తిరగేసే మనిషిని ఒక్క మాటతో బోల్తా కొట్టించానని ఆ రోజంతా తనను తానే మెచ్చుకుంది.

నెల తిరగకముందే హాస్టల్ పిల్లలు "ఆంటీ, పసుపు ఒకటి, ఎరుపు రెండు" అనడం మొదలుపెట్టారు. ఎస్.ఆర్. నగర్ మెస్సులు చూసి అందుకున్నాయి. వాళ్లను చూసి పంజాగుట్ట అందుకుంది. అక్కడ మెస్ నడిపే జోగారావునైతే రసానికి రెండు ముళ్లెందుకని ఎవరో అడిగారట. "రెండేస్తే కారదండీ. మేము పరీక్ష చేసే పెట్టాం," అన్నాడట.

రవికాంత్ మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో తెల్లకాగితం.

"వజ్రమ్మగారూ, ఆవిరికి స్టిక్కర్లు ఊడతాయని పంజాగుట్టలో అందరూ అంటున్నారు. మిషన్లు వెనక్కి తీసుకుంటున్నాం. అక్కడే మీకు సన్మానం. ఏ రంగు ఏ కూరకో ఇందులో రాసివ్వండి. అచ్చు వేసి అన్ని కొట్లకూ పంచుతాం. మీ చేతిరాతే ఉండాలి సుమా."

కాగితం రెండు రోజులు తెల్లగానే ఉంది. మూడో రోజు, ఈమధ్య రోజూ మూడింటికి బ్యాంకు పనంటూ బయల్దేరే చలపతిరావుగారికి ఆమె అడ్డంగా నిలబడింది.

"సారూ, నాకు అక్షరం ముక్క రాదు. ఏడో తరగతి అబద్ధం."

ఆయన కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"మరి ఆవిరి?"

"అది సుత అబద్ధమే."

"పంజాగుట్టంతా ఆ ఆవిరినే నమ్ముకుంది కదమ్మా."

"నా పని ఉంటదా, పోతదా, గది చెప్పుండ్రి."



"పని ఎక్కడికీ పోదు. ఎస్.ఆర్. నగర్‌లో దుర్గాంబ టీచరుగారని ఉన్నారు. మధ్యాహ్నం పెద్దవాళ్లకు చదువు చెబుతారు. రేపు మూడున్నరకు వెళ్లు. ఆ కాగితం ఆవిడే దగ్గరుండి రాయిస్తారు."

"ఆమె మీకెట్ల ఎరుక సారూ?"

"ఒక్క మాట వజ్రమ్మా. అక్కడ ఎవరు కనపడినా నవ్వకూడదు."

మర్నాడు వజ్రమ్మ వాకిట్లో చెప్పులు విడిచి, కొంగు నిండుగా కప్పుకుని, ఈ వయసులో పలకేమిటని తనను తానే తిట్టుకుంటూ తలుపు తోసింది.

ముందు వరుసలో చలపతిరావుగారు 'క' గుణింతం దిద్దుతున్నారు.

— వజ్రమ్మ, అరవై రెండేళ్లు, ఇప్పుడు ఉండేది యూసుఫ్‌గూడ