సిద్ధరాములు సర్టిఫికెట్

మరాఠీ గడ్డ మీది తెలుగు నేతవాళ్ల వాడ భవాని పేట్‌లో ఏ సినిమా అయినా రెండుసార్లు విడుదలవుతుంది. ఒకసారి థియేటర్లో. ఇంకోసారి సిద్ధరాములు అరుగు మీద. మొదటిచోట గట్టెక్కిన హీరోలు కూడా రెండోచోట మునిగిపోయేవాళ్లు.

సాక్షికి ఆయన మేనమామ. ఇవాళ ఆయన ఏమంటాడోనని పొద్దుటినుంచీ ఆ పిల్లకు ముద్ద దిగలేదు.

సిద్ధరాములు కుంఠా నాకా దగ్గర పవర్‌లూమ్ కార్ఖానాలో తువ్వాళ్లు నేసి నేసి పండిపోయిన మనిషి. పని దిగాడంటే అరుగెక్కేవాడు. అది ఆయన దర్బారు. దానికి కొన్ని మర్యాదలున్నాయి. అడిగేవాడు ఎదురుగా, వెలుతుర్లో కూర్చోవాలి. ఒక్కొక్కరే మాట్లాడాలి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఊరుకోడు. వెనకనుంచి పిలిస్తే పలకనే పలకడు.

"పెద్ద క్రిటిక్ గదా, గా మాత్రం పొగరుంటది" అని సర్దుకునేవాళ్లు జనం.

తీర్పులు కూడా అలాగే ఉండేవి.

"కాకా, కొత్త లవ్ పిక్చర్ ఎట్లున్నది?" అని మొన్న పక్కింటి సందీప్ అడిగాడు.

"హీరోయిన్‌కు లెక్కలు మస్తు వస్తయ్‌రా. వెన్నెల్ల హీరోను పట్టుకొని పంధ్రా, సోలా, సత్రా అన్నది. గా లెక్కలకు వాడు కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు."

అరుగంతా ఘొల్లుమంది.

"మరి గా వెబ్ సిరీస్‌ల డాన్ సచ్చిపోయే సీన్?"

"తల్లి ఒళ్లె తలకాయ పెట్టి, 'ఎవడన్న ఫ్యాన్ పెట్టుర్రి' అన్నడు. గదే ఆఖరి మాట."

"గట్ల యాడున్నది కాకా? నేను సుత సూసిన!"

"నువ్వు సూడలే. మళ్ల సూడు పో."

ఆయనకు గౌరవమున్నది నవలలంటే ఒక్కటే. పేటలోని లైబ్రరీ నుంచి మరాఠీ నవలలు తెచ్చి వరసపెట్టి నమిలేసేవాడు. "కథ చెత్తదైతె కావచ్చు. గని మోసం లేదు. రాసిందే ఉంటది" అనేవాడు.

ఇలాంటి మనిషి చేతిలో పడింది సాక్షి బతుకు.

ముంబయిలో తీసే ఒక మరాఠీ సీరియల్లో ఆమెకు చిన్న వేషం దొరికింది. పనిమనిషి వేషం. యజమానురాలు చచ్చిపోతే శవం మీద పడి ఏడవాలి. అంతే. జనానికి నచ్చితే మళ్లీ పిలుస్తామన్నారు. తల్లి మల్లమ్మ మాత్రం ముందే తేల్చి చెప్పింది.

"మీ మామ మంచిగున్నదంటె పంపుత. లేకుంటె చాట ముందల కూసొని బీడీలు చుట్టు. మళ్ల బొంబాయి పేరెత్తితె కాళ్లిరుగుతయ్."

ఇవాళ సాయంత్రం ఆ సీన్ టీవీలో వచ్చే వేళకు వాడలో సగం మంది సిద్ధరాములు ఇంట్లోనే ఉన్నారు. మల్లమ్మ ఒళ్లో చాటతోనే వచ్చింది. చేతులు తునికాకు చుడుతున్నాయి, కళ్లు టీవీ మీదున్నాయి. సిద్ధరాములు తెరకు ముక్కు ఆనేంత దగ్గర్లో కూర్చున్నాడు.

శవం వచ్చింది. సాక్షి వచ్చి దాని మీద పడింది. ఆమె ముఖం తెర నిండా కనిపించింది. "అమ్మగారూ, మీరు లేని వాకిట్లో ఎవరికోసం ముగ్గు వెయ్యను?" అంటూ మరాఠీలో గుండెలు పిండే ఏడుపు.

మల్లమ్మ చేతిలో బీడీ సగంలో ఆగిపోయింది. "నా బిడ్డె, నా బిడ్డె" అంటూ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఎదురింటి పార్వతీబాయి అయితే సొంత చెల్లెలు పోయినట్టే ఏడ్చింది.

సాక్షి మాత్రం తెర వైపు చూడలేక తల దించుకుంది. ఆ గొంతు ఆమెది కాదు. ఆ మాటలూ ఆమెవి కావు. షూటింగ్‌లో కెమెరాను చూడగానే డైలాగు ఎగిరిపోయింది. "ఏదో ఒకటి వాగు, నోరు కదిలితే చాలు, గొంతు తర్వాత వేరేవాళ్లతో పెట్టిస్తాం" అని కసిరాడు డైరెక్టరు. ఆ రోజు పొద్దుటినుంచీ తిండి లేదు. కడుపు మండింది. అక్కడెవరికీ తెలుగు రాదన్న ధైర్యంతో, శవం మీద పడి ఆయన్ని ఇంటి భాషలో కడిగిపారేసింది. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఇంతమంది ఏడుపు మధ్య ఒక్కడు నవ్వాడు. సిద్ధరాములు. పొట్ట పట్టుకుని, పొర్లి పొర్లి నవ్వాడు.

మల్లమ్మ లేచి ఆయన ముందుకొచ్చి నిలదీసింది. "ఏందన్నా, శవం ముందల గా నవ్వేంది? పిల్ల మంచిగ చెయ్యలేదా? పంపాల్నా, వద్దా? ఒక్క మాట చెప్పు."



"పంపు చెల్లె" అన్నాడు సిద్ధరాములు కళ్లు తుడుచుకుంటూ. "గీ సీరియల్ మొత్తం మీద మనసుల మాట మాట్లాడింది నా కోడలొక్కతే."

చప్పట్లు మోగాయి. పార్వతీబాయి పిల్లకు దిష్టి తీసింది. జనం వెళ్లిపోయారు. మల్లమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

సిద్ధరాములు మేనకోడలిని దగ్గరికి పిలిచాడు.

"అయితె కోడలా, గా డైరెక్టరు ఆఖరికి వడాపావ్ పెట్టిచ్చిండా లేదా? 'నీ సీరియల్‌ల మన్నువొయ్య, ఆకలికి నేనే సచ్చేటట్టున్న, గా పీనుగను లేపి నన్ను పండవెట్టు' అంటివి గదనే!"

ఒక్క అక్షరం పొల్లు పోలేదు. సాక్షి తల్లి విన్నదేమోనని లోపలికి తొంగిచూసింది.

"మామా! గా మాటలు టీవీల రానే రాలే. ఆడ తెలుగొచ్చినోడు ఒక్కడు లేడు. మరి నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరన్న చెప్తె మాత్రం వినేటందుకు నాకు చెవులేడున్నయే కోడలా, కార్ఖాన మోతకు అవి పోయి ఏండ్లాయె, నేను సూసేది మనుషుల పెదవులు."