మూడో తూము

మూడో తూము అని ఎందుకు అన్నాడు? ఆడలేదని చెప్పి ఉండొచ్చు. తీరిక దొరకలేదని చెప్పినా సరిపోయేది. అబద్ధంలో ఒక అంకె కలిపితే అది నిజంలా నిలబడుతుందని మనిషికి ఎవరు నేర్పుతారో.

కూతురిని ముత్తంగి జంక్షన్‌లో బస్సెక్కించి, స్కూటర్‌ను రోడ్డు పక్కకు తీసి, సత్యరాజు దాని మీదే కూర్చుండిపోయాడు. ఫ్యాక్టరీలో ఇవాళ అతనికి రెండో షిఫ్టు. ఇంటికి వెళ్లాలనిపించలేదు.

పదకొండు గంటలకు నిస్సీ హైదరాబాదులో ఉద్యోగపు కాగితం మీద సంతకం చేస్తుంది. ‘వీరకేతు’ అనే ఆన్‌లైన్ ఆటను తయారుచేసే కంపెనీ అది. జీతం బాగుంది. షరతు ఒకటే. తను సొంతంగా చేసిన ఆటను పూర్తిగా తీసెయ్యాలి. ఆ ఆట పేరు ‘ఆఖరి మడి’. చెరువు తూములు ఒక్కొక్కటే తెరుచుకుంటూ, పై మడుల వాళ్లను ఒప్పించుకుంటూ, అన్నిటికన్నా కిందున్న మడికి నీళ్లు చేర్చాలి. చేయడానికి నిస్సీకి రెండేళ్లు పట్టింది. లింకు నొక్కితే చాలు, ఫోన్‌లోనే మొదలవుతుంది. ఆ లింకు సత్యరాజు వాట్సాప్‌లో నెల నుంచి ఉంది. దాని మీదున్న బొమ్మను మాత్రం చూశాడు. పార పట్టుకున్న ఒక అమ్మాయి, వెనకాల తూము.

ఆ నెలంతా అతను వీరకేతు ఆడాడు.

చిన్నప్పుడు ఆదివారాలు టీవీలో వచ్చిన సీరియల్ పేరది. చిట్కుల్‌లో సండే స్కూల్ ఎగ్గొట్టి, పక్క వీధి వాళ్ల కిటికీ చువ్వలు పట్టుకుని చూసేవాడు. ఇప్పుడు అదే పేరుతో ఆట వచ్చిందనగానే ఫ్యాక్టరీలో సగం మంది ఫోన్లలోకి ఎక్కింది. ఆటలో పెద్దగా ఏమీ లేదు. కత్తి తిప్పాలి, ప్రకటన చూడాలి, మళ్లీ కత్తి తిప్పాలి. అయినా తెర మీద ఆ అక్షరాలు వెలగగానే సత్యరాజు గుండె వేగంగా కొట్టుకునేది. తను ఆడుతున్నది ఆటను కాదనీ, ఆ పేరు తగిలినప్పుడల్లా కిటికీ దగ్గరి పిల్లవాడు తనలో మేలుకుంటున్నాడనీ అతనికి తెలుసు. తెలిసీ ఆడాడు. కూతురి ఆట పేరులో అతనికి తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

ఒకసారి క్యాంటీన్లో మొహమాటంగా ఆ లింకును ఎల్లయ్యకు చూపించాడు. ఎల్లయ్య బాయిలర్ దగ్గర తోటి పనివాడు, ఇంకా రెండెకరాల సాగు ఉన్నవాడు.

“ఇంటికాడ నీళ్లు గట్టుడే పెద్ద పరేషాన్ సత్యరాజన్నా. ఇగ ఫోన్ల గూడ నాతోని మడి తడిపిస్తవా?”

అందరూ నవ్వారు. సత్యరాజు కూడా నవ్వాడు.

ఆ సాయంత్రమే నిస్సీ అడిగింది, ఆడినవా డాడీ అని. ఆడిన అన్నాడు. ఎక్కడ ఆగావంటే మూడో తూము కాడ అన్నాడు. అక్కడ కష్టంగా ఉందా అని ఆమె మెల్లగా అడిగింది.

“కష్టం కాదు బిడ్డా, ఊపు లేదు. జెర కొట్లాట గిట్ల పెట్టాలె.”

నిస్సీ నోట్‌బుక్ తెచ్చుకుని ఆ మాటను రాసుకుంది. తండ్రి వైపు చూడలేదు. అమ్మ దయావతి మాత్రం వంటింట్లోంచి, తనకు మస్తు నచ్చిందని, ఆ పార పట్టిన పిల్ల బాగుందని చెప్పింది.

తర్వాతి ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టర్ రాజారావు నిస్సీని మైకు దగ్గరకు పిలిచి ప్రార్థన చేశారు. మన సంఘపు బిడ్డ చేసిన ఆటను ఎంతమంది ఆడారో చేతులెత్తమన్నారు. అందరికన్నా ముందు లేచింది తండ్రి చెయ్యే. వెనక్కి తిరిగి చూస్తే ఆఖరి బెంచీ దాకా చేతులే. సత్యరాజుకు కళ్లు చెమర్చాయి. ఇంతమంది ఆడారు, తనొక్కడే ఆడలేదు. నిస్సీ తల వంచుకుని, అందరికీ థాంక్స్ అని చిన్నగా చెప్పి దిగిపోయింది. బిడ్డకు సిగ్గెక్కువ అనుకున్నాడు.

మొన్న శనివారం వరండాలో ఆమె అతని ఎదురుగా వచ్చి కూర్చుంది.

“అందరు మంచిగుందనే అంటున్రు డాడీ. నువ్వొక్కనివే తప్పులు చెప్పినవ్. అందుకే నిన్ను అడుగుతున్న. ఉంచాల్నా, తీసెయ్యాల్నా?”

“నన్నెందుకు బిడ్డా?”

“నువ్వు ఆడినవ్ గద.”

అప్పుడైనా చెప్పొచ్చు. ఆమె చాలాసేపు ఎదురుచూసింది కూడా. కానీ అతని మనసు అప్పటికే క్యాంటీన్లో ఉంది. మా బిడ్డ వీరకేతు కంపెనీల చేస్తది అని ఎల్లయ్యతో చెబుతోంది.

“తీసెయ్ బిడ్డా,” అన్నాడు. “అండ్ల ఏం లేదు.”

నిస్సీ తలూపి లోపలికి వెళ్లిపోయింది.

పొద్దున బస్సు మెట్టు మీద నిలబడి ఆమె చెయ్యి ఊపినప్పుడు అతనికి ఆ మాటే గుర్తొచ్చింది. అండ్ల ఏం లేదు. ఏముందో చూడకుండానే.

ఫోన్‌లో టైము చూశాడు. తొమ్మిదిన్నర. ఒక పావుగంట ఆడితే చాలు. ఆ మూడో తూము దగ్గర నిజంగా ఏముందో చూసి, అప్పుడు ఫోన్ చేసి సంతకం ఆపమనాలి. తను ఆడలేదని ఒప్పుకోవాలి. సంఘమంతా ఆడింది, తండ్రి ఒక్కడే ఆడలేదని ఆ పిల్లకు చెప్పాలి. లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. చొక్కాకు తెర తుడిచి, లింకు మీద వేలు పెట్టాడు. కాసేపు అలాగే ఉంచి, నొక్కాడు.

పేరు అడిగింది. ఒక్కో అక్షరమే కొట్టాడు.

‘సత్యరాజు గారూ, ఈ ఆటను ఆడుతున్న మొట్టమొదటి మనిషి మీరే.’