మణికట్టు మీద నీలం

ఇప్పుడు ఏ ఇంట్లోనూ గట్టిగా పోట్లాడుకోరు. మనిషి రొప్పితే ఒంట్లో ఆమ్లం తగ్గి రక్తం క్షారం వైపు జరుగుతుంది. వెంటనే మణికట్టు మీద అంటించిన ఆకుపచ్చ బిళ్ళ నీలమవుతుంది. వార్డు వ్యాను వచ్చి ఆ మనిషిని ఊపిరి కేంద్రానికి ఎక్కించుకుపోతుంది. దాంతో జనం శాంతించారని అనుకోకండి. నిదానంగా ఊపిరి పీలుస్తూ కరవడం నేర్చుకున్నారు.

తోడికోడళ్ళు వకుళ, హైమావతి వంటింట్లో కూర్చుని గోంగూర ఒలుస్తున్నారు. హైమావతి మొగుడు పోయి ఆరునెలలైంది. పెద్దకోడలు వకుళకి అప్పట్నుంచీ ఆమె గది మీదే కన్ను.

"మా మరిదిని సాధించి సాధించి నువ్వే చంపావు," అంది వకుళ, ఆకు తుంచుతూ. నిండుగా ఊపిరి తీసుకుంది. "ఇంకా ఈ ఇంట్లో నీకేం పని? మీ పుట్టింటికి పో."

ఆమె చూపంతా హైమావతి మణికట్టు మీదే ఉంది. ఆ బిళ్ళ నీలం కాలేదు.

"ఆయన పోయిన రోజు ఇంట్లో అందరి బిళ్ళలూ నీలమయ్యాయక్కా," అంది హైమావతి. "చావిల్లని వ్యాను రాలేదు. నువ్వు నన్ను వాటేసుకుని కుమిలిపోయావు. నా వీపు మీదున్న నీ చేతి బిళ్ళ మాత్రం ఆకుపచ్చగానే ఉంది. వెనకాల నించున్న బావగారు చూశారు. అందుకేగా అప్పట్నుంచీ నీతో మాట్లాడటం మానేశారు."

వకుళ ఏదో అనబోయి రొప్పసాగింది. బిళ్ళ అంచు నుంచి నీలం లోపలికి పాకింది. కాసేపటికి వీధి చివర వ్యాను కూత వినిపించింది.

"మెల్లగా ఊపిరి తీసుకో అక్కా," అంటూ హైమావతి ఆమె ముందున్న గోంగూర కట్టని కూడా తన వైపు లాక్కుంది.